భాష నేర్పే యాప్‌లు: ఫోను పక్కన పెట్టాక మిగిలేది ఎంత?

భాష నేర్పే యాప్ ఏదైనా సరే, దాన్ని నేను అంచనా వేసే పద్ధతి ఒక్కటే. నెల రోజులు వాడిన తర్వాత ఫోను పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుని, నిన్న ఏం చేశానో, రేపు ఏం చేయాలనుకుంటున్నానో ఆ భాషలో పది వాక్యాలు రాస్తాను. తర్వాత కాగితం చూడకుండా అవే వాక్యాలు పైకి చెబుతాను. యాప్ ఇచ్చిన మార్కులు, పతకాలు, వరుసగా ఎన్ని రోజులు చదివానో చూపే లెక్క ఆ కాగితం మీద కనిపించవు. గత ఆరేళ్లలో మొదట జర్మన్, తర్వాత జపనీస్ నేర్చుకుంటూ డ్యుయోలింగో, బాబెల్, రొసెట్టా స్టోన్, పిమ్స్‌లర్, బుసూ, మెమ్‌రైజ్, ఆంకీలను కొన్నాళ్లు విడివిడిగా, కొన్నాళ్లు జతలుగా వాడాను. వాడిన కొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఒక యాప్ మన చేత ఎలాంటి సాధన చేయిస్తుందన్నది దాని వెనకున్న సంస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో యాప్‌లతో పాటు సంస్థల సంగతి కూడా చూడవలసి వస్తోంది.

ముందుగా ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. ‘నేను బిడ్డతో కలిసి తోటలోకి వెళుతున్నాను’ అనడానికి జర్మన్‌లో ‘ఇష్ గేహె మిట్ డెమ్ కిన్ట్ ఇన్ డెన్ గార్టెన్’ అంటారు. బిడ్డ అనే అర్థమున్న ‘కిన్ట్’ నపుంసకలింగం కాబట్టి మామూలుగా దాని ముందు, ఇంగ్లీషు ‘ద’ లాంటి మాట, ‘డాస్’ రావాలి. ‘తో’ అనే అర్థమున్న ‘మిట్’ తర్వాత వచ్చింది కాబట్టి అది ‘డెమ్’ అయింది. ‘గార్టెన్’ పుంలింగం; తోటలోకి వెళ్లడమనే కదలిక ఉంది కాబట్టి ‘డేర్’ కాస్తా ‘డెన్’ అయింది. ఈ వాక్యంలో కష్టమంతా ఆ రెండు చిన్న మాటల్లోనే ఉంది. యాప్‌లో ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు తెర అడుగున మాటలు ముక్కలుగా పేర్చి ఉంటాయి. వాటిలో కావలసిన ‘డెమ్’, ‘డెన్’ ఉంటాయి, పోటీకి రావలసిన ‘డాస్’, ‘డేర్’ ఉండవు. అదనంగా ఇచ్చేవన్నీ ఈ వాక్యంతో ఏ సంబంధమూ లేని మాటలు. వ్యాకరణం తెలియని వాళ్లు కూడా ముక్కలు పేర్చుకుంటూ పోతే జవాబు సరిగ్గానే పడుతుంది. నేను ఒక యాప్‌లో నాలుగు వందల రోజులకు పైగా ఒక్క పూట తప్పకుండా ఇలాగే సరైన జవాబులు పేర్చుకుంటూ వెళ్లి, ఒకనాడు కాగితం మీద ‘మిట్ డాస్ కిన్ట్’ అని రాశాను. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదురుగా లేనిదాన్ని గుర్తుతెచ్చుకోవడం వేరు. మాట్లాడటానికి కావలసింది రెండోది.

ఈ రంగంలో అందరికంటే పెద్దదైన డ్యుయోలింగోతో మొదలుపెడతాను. దీన్ని 2011లో పిట్స్‌బర్గ్‌లో లూయిస్ వాన్ ఆన్, సెవెరిన్ హ్యాకర్ స్థాపించారు. అప్పుడు వాన్ ఆన్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, హ్యాకర్ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. వెబ్‌సైట్లలో మనం యంత్రం కాదు మనిషినే అని చూపించుకోవడానికి వంకర అక్షరాలు చదివి టైపు చేసే క్యాప్చాను రూపొందించిన వాళ్లలో వాన్ ఆన్ ఒకరు. దాని తర్వాతి రూపమైన రీక్యాప్చాలో జనం టైపు చేసిన మాటలు పాత పుస్తకాలను డిజిటల్ రూపంలోకి మార్చడానికి పనికొచ్చాయి. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. డ్యుయోలింగోకు కూడా మొదట పునాది ఆ ఆలోచనే: చదివేవాళ్లు ఉచితంగా చదువుకుంటారు, చదువులో భాగంగా అసలైన వ్యాసాలను అనువదిస్తారు, ఆ అనువాదాలను సంస్థ అమ్ముకుంటుంది. సీఎన్ఎన్, బజ్‌ఫీడ్ లాంటి సంస్థలు అలా కొనుక్కున్నాయి కూడా. తర్వాత ఆ దారి వదిలేసి ప్రకటనలు, చందాలు, తన సొంత ఇంగ్లీషు పరీక్షల వైపు మళ్లింది. 2021 జులైలో అమెరికా షేర్ మార్కెట్ అయిన నాస్‌డాక్‌లో షేర్లు జారీ చేసింది. 2024 చివరికి నెలకొకసారైనా యాప్ తెరిచేవాళ్లు 11 కోట్లకు పైగా ఉండగా, డబ్బు కట్టే చందాదారులు దాదాపు 95 లక్షలు. అంటే వందలో ఎనిమిది మంది మాత్రమే. అయినా ఆదాయంలో సింహభాగం వాళ్ల నుంచే వస్తుంది.

ఈ లెక్క చూస్తే యాప్ నడక అర్థమవుతుంది. మిగతా తొంభై రెండు మందిని ఎంత తరచుగా వెనక్కి రప్పించగలిగితే వాళ్లలో అంతమంది ఏదో ఒక రోజు చందాదారులవుతారు. కాబట్టి స్ట్రీక్, అంటే వరుసగా చదివిన రోజుల లెక్క, తెగిపోతుందన్న భయం, వారం వారం జరిగే లీగ్ పోటీలు, యాప్ గుర్తు అయిన గుడ్లగూబ పంపే గుర్తుచేతలు, రెండు నిమిషాల్లో ముగిసే పాఠాలు, సులువుగా సరిపోయే జవాబులు, ఇవన్నీ తిరిగి రప్పించడం అనే పనికి చక్కగా పనిచేస్తాయి. ఇందులో నాకు తప్పు కనిపించదు. అలవాటు పడని మనిషికి ఏ పద్ధతీ పనిచేయదు, అలవాటు చేయడంలో దీనికి సాటి వచ్చే యాప్‌ను నేను చూడలేదు. జపనీస్ హిరగాన, కటకాన లిపులను నేను దీనిలోనే నేర్చుకున్నాను. అక్షరం వినడం, గీయడం, జత కలపడం దీనిలో చాలా బాగా కుదిరాయి. ఇబ్బందల్లా అలవాటు పడిన తర్వాత మొదలవుతుంది. లీగ్‌లో పైకి వెళ్లాలంటే కష్టమైన కొత్త పాఠం కంటే సులువైన పాత పాఠం తిరగేయడం లాభసాటిగా ఉంటుంది. మనకు మేలు చేసే పని ఒకటి, అంకెలు పెంచే పని మరొకటి అయినప్పుడు, అలిసిపోయిన సాయంత్రం పూట చేయి అంకెల వైపే వెళుతుంది.

ఈ సంస్థ గురించి నేను మెచ్చుకునేదీ బాధపడేదీ ఒకే చోట ఉన్నాయి. 2013 నుంచి 2021 వరకు చాలా కోర్సులను స్వచ్ఛంద సేవకులు తయారుచేశారు. ఐరిష్, వెల్ష్ లాంటి కోర్సులు అలా వచ్చినవే. 2018లో నవాహో, హవాయి భాషలు కూడా చేరాయి. పెద్ద మార్కెట్ లేని భాషను ఉచితంగా, ఎక్కడి నుంచైనా నేర్చుకునే వీలు దొరకడం చిన్న విషయం కాదు. షేర్లు జారీ చేసిన ఏడాదే ఆ సేవకుల వ్యవస్థ ముగిసింది. పనిచేసిన వాళ్లకు కొంత సొమ్ము ముట్టజెప్పారు. 2023లో వెల్ష్ కోర్సుకు ఇక కొత్త పాఠాలు చేర్చబోమని ప్రకటించినప్పుడు వేల్స్‌లో నిరసన వచ్చింది. 2022లో ఒక్కో వాక్యం కింద సాగే చర్చలను ఆపేశారు. నన్ను అడిగితే అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. ‘డెమ్’ ఎందుకు వచ్చిందో, ‘డాస్’ ఎందుకు రాలేదో ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు ఓపికగా విడమరిచి చెప్పింది ఆ చర్చల్లోనే. 2025 ఏప్రిల్‌లో, కృత్రిమ మేధ చేయగలిగే పనులకు కాంట్రాక్టు మనుషులను తీసుకోవడం క్రమంగా మానేస్తామని వాన్ ఆన్ ఉద్యోగులకు రాశారు. ఆ నెలాఖరులోనే 148 కొత్త కోర్సులను ఒకేసారి ప్రకటించారు. మొదటి వంద కోర్సులకు దాదాపు పన్నెండేళ్లు పట్టిందని చెప్పింది కూడా ఆ సంస్థే. ఒక మూల కోర్సును తయారుచేసి దాన్నే రకరకాల మాతృభాషల వాళ్లకు మార్చి ఇవ్వడం ఈ వేగానికి కారణం. ఆ పద్ధతి మీద నా అభ్యంతరం జపనీస్ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

బాబెల్ నడిచే దారి వేరు. 2007లో బెర్లిన్‌లో మొదలైన ఈ సంస్థ 2009 నుంచీ ప్రధానంగా చందాల మీద బతుకుతోంది. 2021లో ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌లో షేర్లు జారీ చేయాలనుకుని చివరి నిమిషంలో మానుకుంది. డబ్బు ముందే తీసుకుంది కాబట్టి మనల్ని రోజుకు పదిసార్లు పిలవవలసిన అవసరం దానికి లేదు; ఆ నెమ్మది పాఠాల్లో కనిపిస్తుంది. ‘మిట్’ తర్వాత ఏం జరుగుతుందో రెండు మూడు వాక్యాల్లో నేరుగా చెబుతుంది, ఒక సంభాషణలో చూపిస్తుంది, తర్వాత ఖాళీలో ఆ మాటను మన చేతే టైపు చేయిస్తుంది. కోర్సులను నేర్చుకునేవాళ్ల మాతృభాషను బట్టి వేరువేరుగా రాయిస్తామని ఆ సంస్థ చెబుతుంది, జర్మన్ పాఠాల్లో ఆ శ్రద్ధ నాకు తెలిసింది. నేర్పేది 14 భాషలే; వాటిలో జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్ లేవు. యూరపు భాష ఒకటి మొదలుపెట్టే పెద్దవాళ్లకు మొదటి ఆరు నెలలకు నేను ముందుగా చెప్పేది దీని పేరే. ఆ తర్వాత సరుకు పలచబడుతుంది.

రొసెట్టా స్టోన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 1992లో వర్జీనియాలోని హారిసన్‌బర్గ్‌లో అలెన్ స్టోల్ట్‌స్‌ఫస్, ఆయన బంధువులు కలిసి మొదలుపెట్టిన ఈ వ్యాపారం చాలాకాలం పసుపు డబ్బాల్లో సీడీల రూపంలో అమ్ముడుపోయింది. 2009లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. 2020లో ఒక విద్యా సంస్థ, మరుసటి ఏడాది ఐఎక్స్ఎల్ లెర్నింగ్ దాన్ని కొనుక్కున్నాయి. అనువాదం అసలు లేకుండా బొమ్మలు చూపించి భాష నేర్పడం దీని సిద్ధాంతం. అబ్బాయి, కుక్క, యాపిల్ వరకు అది బాగుంటుంది. ‘వెళ్లి ఉండవలసింది’ అనే మాటకు బొమ్మ వేయడం ఎవరికి సాధ్యం? పైగా భాష ఏదైనా పాఠాల వరుస దాదాపు ఒక్కటే కావడం వల్ల, ఏ భాషకు ఏది కష్టమో ఆ పాఠాలకు తెలియదు. ఉచ్చారణ సాధనకు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

నా కాగితం పరీక్షలో నిలబడినవి రెండు, రెండింటికీ పైపై మెరుగులు తక్కువే. మొదటిది పిమ్స్‌లర్. పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్ భాషావేత్త 1967లో ఒక వ్యాసంలో, కొత్త మాటను ఎంతెంత వ్యవధితో మళ్లీ అడిగితే అది మనసులో నిలుస్తుందో ఒక పట్టికగా ప్రతిపాదించాడు: 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, గంట, 5 గంటలు, ఒక రోజు, 5 రోజులు, 25 రోజులు, 4 నెలలు, 2 ఏళ్లు. ఆయన 1976లో మరణించినా ఆ పద్ధతి మీదే పాఠాలు ఇంకా నడుస్తున్నాయి. సైమన్ అండ్ షుస్టర్ అనే పుస్తక ప్రచురణ సంస్థ వాటిని నడుపుతోంది. ఒక్కో పాఠం అరగంట, అంతా వినికిడే. జపనీస్‌లో ‘నాకు అర్థం కాలేదు’ అనడానికి వాడే ‘వకరిమసెన్’ను వాళ్లు చివర నుంచి నేర్పుతారు: ముందు ‘సెన్’, తర్వాత ‘మసెన్’, తర్వాత ‘రిమసెన్’, చివరికి మొత్తం మాట. ఇలా వెనక నుంచి కట్టుకుంటూ రావడం వల్ల మాట చివర గొంతు నీరసించదు, ఒత్తు దారితప్పదు. ఆ తర్వాత ‘మీకు అర్థం కాలేదని చెప్పండి’ అని అడిగి, రెండు మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటారు. ఆ నిశ్శబ్దమే అసలు పాఠం. ఎదురుగా ముక్కలు లేవు, ఎంచుకోవడానికి నాలుగు జవాబులు లేవు. మాట మన లోపలి నుంచే రావాలి. మూడు నెలల తర్వాత నా కాగితం మీద వాక్యాలు తక్కువే ఉన్నా తప్పులు దాదాపు లేవు. లోపాలూ ఉన్నాయి: మాటల సంఖ్య చిన్నది, సంభాషణల్లో ప్రయాణం మీద వచ్చిన వ్యాపారి గొంతే ఎక్కువగా వినిపిస్తుంది, చదవడం రాయడం పేరుకే.

రెండోది ఆంకీ. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పేరుకు జపనీస్‌లో కంఠస్థం చేయడం అని అర్థం. కార్డుకు ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. మనకు ఎంత కష్టమైందో చెబితే ఆ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో అది లెక్కవేస్తుంది. పోలండ్‌కు చెందిన పియోత్ర్ వోజ్నియాక్ 1980ల్లో తయారుచేసిన లెక్కను చాలా ఏళ్లు వాడింది. 2023 నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్కను కూడా ఎంచుకోవచ్చు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఐఫోన్‌లో ఒకసారి కొంటే చాలు. దీనికి ప్రకటనలు లేవు, నెలవారీ చందా లేదు, కాబట్టి మనల్ని పట్టి ఉంచవలసిన అవసరమూ లేదు: ఈ రోజు కార్డులు అయిపోతే అయిపోయాయని చెప్పి ఊరుకుంటుంది. అయితే ఆంకీ దేన్నీ నేర్పదు, నేర్చుకున్నదాన్ని జారిపోకుండా పట్టుకుంటుంది, అంతే. ఎవరో చేసిన రెండు వేల కార్డులు దింపుకుని మొదలుపెట్టినవాళ్లు నెల తిరక్కుండా మానేయడం నేను చాలాసార్లు చూశాను. నాకు పనిచేసిన పద్ధతి, నేను తప్పు రాసిన వాక్యాన్నే సరిదిద్ది, తప్పు పోయిన చోట ఖాళీ వదిలి కార్డు చేసుకోవడం. ‘మిట్ ఖాళీ కిన్ట్’ అన్న కార్డు నాకు నాలుగు వందల రోజుల్లో రానిదాన్ని నాలుగు వారాల్లో నేర్పింది.

మెమ్‌రైజ్ లండన్‌లో 2010లో ఇదే జ్ఞాపకశక్తి సూత్రం మీద పుట్టింది. స్థాపకుల్లో ఒకరైన ఎడ్ కుక్ జ్ఞాపకశక్తి పోటీల్లో గ్రాండ్‌మాస్టర్. వాడేవాళ్లే తయారుచేసిన వేలాది కోర్సులు ఒకప్పుడు దాని బలం. వాటిని తర్వాత యాప్ నుంచి తీసి వేరే వెబ్‌సైట్‌కు పంపించేశారు. స్థానికులు మామూలు వేగంతో మాట్లాడే చిన్న వీడియోలు ఇప్పటికీ బాగుంటాయి.

బుసూను 2008లో మాడ్రిడ్‌లో బెర్న్‌హార్డ్ నీస్నర్, ఏడ్రియన్ హిల్టి స్థాపించారు. కామెరూన్‌లో అంతరించే దశకు చేరిన ఒక భాష పేరు దీనికి పెట్టారు. 2022లో చెగ్ అనే అమెరికన్ విద్యా సంస్థ చేతికి వెళ్లింది. దీనిలో నాకు విలువైనది ఒక్కటే: మనం రాసిందాన్ని ఆ భాష మాతృభాషగా ఉన్నవాళ్లు దిద్దుతారు, వాళ్లు రాసే మన భాషను మనం దిద్దవచ్చు. నేను ఒకసారి ‘నాకు పిల్లులంటే ఇష్టం’ అని చెప్పబోయి ‘నెకొ ఒ సుకి దెసు’ అని రాశాను. దిద్దినవారు ‘ఒ’ కొట్టేసి ‘గ’ పెట్టారు. నేను ఇంగ్లీషు ద్వారా జపనీస్ నేర్చుకుంటున్నాను కాబట్టి, ఇష్టపడటం క్రియ, పిల్లి కర్మ, కర్మకు ‘ఒ’ రావాలి అన్న లెక్క వేసుకున్నాను. కానీ ‘సుకి’ క్రియ కాదు. అది అచ్చం మన ‘ఇష్టం’ లాంటి మాట. తెలుగులో ‘పిల్లుల్ని ఇష్టం’ అని ఎవరూ అనరు. నేను నా భాషలో ఆలోచించి ఉంటే ఆ తప్పు చేసేవాణ్ణి కాదు.

వెనక వాయిదా వేసిన అభ్యంతరం ఇదే. ‘వతషి వ దెన్ష దె హోన్ ఒ యోమిమషిత’ అనే వాక్యాన్ని ఇంగ్లీషు ద్వారా చెప్పే కోర్సులు క్రియ చివరికి వెళుతుందని, సంబంధం తెలిపే మాట నామవాచకం తర్వాత వస్తుందని, ఇది కొత్తగా అనిపించినా కంగారుపడవద్దని పాఠాలకు పాఠాలు ఖర్చుపెడతాయి. ‘నేను రైల్లో పుస్తకాన్ని చదివాను’ అని పక్కన రాసుకుంటే ‘దె’ అంటే ‘లో’, ‘ఒ’ అంటే ‘ని’, మాటకు మాట అదే వరుస. ‘కురు తొ ఇత్త’లో ‘తొ’ చేసే పని ‘వస్తానని అన్నాడు’లో ‘అని’ చేసే పనే. తెలుగు వచ్చినవాళ్లకు నిజంగా కొత్తవి, దేని గురించి మాట్లాడుతున్నామో చూపే ‘వ’కూ కర్తను చూపే ‘గ’కూ ఉన్న తేడా, చైనీస్ లిపి నుంచి వచ్చిన వేల కొద్దీ కంజి అక్షరాలు. ఒక్క మూలం నుంచి అచ్చుపోసిన కోర్సుకు ఈ సంగతి తెలియదు. మార్చి ఇచ్చేటప్పుడు వివరణలోని భాష మారుతుంది, వివరించవలసిన విషయం మారదు.

కృత్రిమ మేధతో సంభాషణ సాధన గురించి ఒక మాట. 2023 మార్చిలో డ్యుయోలింగో జీపీటీ-4 ఆధారంగా ఒక ఖరీదైన చందాను తెచ్చింది. స్పీక్ లాంటి యాప్‌లు పూర్తిగా దీని మీదే నడుస్తున్నాయి. నోరు విప్పడానికి బిడియపడే వాళ్లకు ఇది నిజంగా ఉపకారం. కానీ నేను వాడినంతలో యంత్రం నా తప్పుల్ని అతిగా క్షమిస్తోంది; సగం మాట మింగేసినా అర్థం చేసుకుని జవాబు చెబుతోంది. ఎదుటి మనిషి మొహంలో కనిపించే ‘ఏమన్నారు?’ అనే ప్రశ్న అక్కడ దొరకదు.

రోజుకు పదిహేను నిమిషాలు చాలన్న ప్రకటనల్ని కూడా ఒకసారి లెక్క వేసి చూడాలి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వృత్తిపరంగా పనికొచ్చే స్థాయికి చేరడానికి స్పానిష్‌కు 600 నుంచి 750 తరగతి గంటలు, తెలుగుకు 1100, జపనీస్‌కు 2200 పడతాయని అంచనా కట్టింది. 2200 గంటలను రోజుకు పావుగంట చొప్పున పంచితే 24 ఏళ్లు. తెలుగువాళ్లకు జపనీస్ లెక్క వేరుగా ఉండవచ్చు గానీ, పావుగంట సాధన అలవాటును కాపాడుతుందే తప్ప గమ్యం చేర్చదు.

చందా విషయంలో ఒక హెచ్చరిక. ఒక యాప్ నచ్చక ఫోన్ నుంచి తీసేశాను. ఏడాది తిరిగేసరికి మరో ఏడాది చందా ఖాతా నుంచి వెళ్లిపోయింది. యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా ఆగదు, కొన్న చోటే రద్దు చేయాలి. రాసిన ఫిర్యాదుకు మూడు వారాల తర్వాత నిబంధనల లింకు ఒకటి వచ్చింది, డబ్బు రాలేదు. అప్పటి నుంచి చందా కట్టిన రోజే గడువు తేదీకి వారం ముందు ఒక గుర్తు పెట్టుకుంటున్నాను.

ప్రస్తుతం నా దగ్గర మిగిలినవి మూడు. పొద్దున ఇరవై నిమిషాలు ఆంకీ, సాయంత్రం నడకలో పిమ్స్‌లర్ పాఠం ఒకటి, వారానికోసారి బుసూలో దిద్దుబాటుకు ఒక పేరా. జర్మన్‌కు బాబెల్ చందాను మొదటి ఏడాది తర్వాత పొడిగించలేదు, దాని పని అది పూర్తిచేసింది. డ్యుయోలింగోను కొత్త లిపి నేర్చుకోవలసి వచ్చినప్పుడు మళ్లీ తెరుస్తాను. గత నెల కాగితం మీద రాసిన పది జపనీస్ వాక్యాల్లో తప్పులు మూడు వచ్చాయి. వాటిలో రెండు ‘వ’, ‘గ’ల దగ్గరే.